నమ్మశక్యంగా లేదు, మార్చు

జూన్ 2, మంగళవారం

ఇవాళ గొంతు కోయడం కుదరలేదు. సరిగ్గా కత్తి మెడ మీద పెట్టే సమయానికి గ్యాస్ అయిపోయింది. స్టవ్ మీద కూర సగం ఉడికి ఆగింది, కాగితం మీద కాంట్రాక్టరు సగం చచ్చి ఆగాడు. గిన్నె పట్టుకుని పక్కింటికి పరిగెత్తి, ఆవిడ మోకాళ్ల నొప్పుల పురాణం అంతా విని తిరిగొచ్చేసరికి నా కోపం చల్లారిపోయింది. చల్లారిన కోపంతో చంపితే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పోనీలే అని రేపటిదాకా బతకనిచ్చాను.

మా ఆయన షాపుకి బయలుదేరుతూ అలవాటు ప్రకారం అడిగాడు. "ఈ వారం ఎవరు పోతున్నారు?"

"ఫ్యాన్లు బాగుచేసే ఒకాయన. సొంత ఇంట్లో ఫ్యాను ఆర్నెల్లుగా కిర్రుమంటున్నా చెవిన పెట్టడు."

నవ్వుకుంటూ పోయాడు. ఫ్యాను కిర్రుమంటూనే ఉంది.

పత్రిక ఆఫీసులో కొత్తగా చేరిన టైపు అమ్మాయి నా సీరియల్ కొడుతూ, "మేడమ్, మగ పేరు పెట్టుకుని వారం వారం ఇన్ని హత్యలు రాస్తారు, అసలేం చదువుకున్నారు?" అంది. "పదో తరగతి. లెక్కల్లో పోయాను. అందుకే శవాలు ఎన్నయ్యాయో నాకే గుర్తుండదు" అన్నాను. పాపం, ఆ పిల్ల మధ్యాహ్నం నా పక్కన కూర్చుని తినలేదు.

ఎడిటర్ గారి టేబుల్ మీది గడియారం ఇరవై నిమిషాలు ముందుకు తిప్పాను. అందరినీ ఆలస్యమైందని తిట్టి, సాయంత్రం అందరికంటే ముందు ఆయనే ఇంటికి పోయాడు. ఈ మాత్రం చిలిపితనం లేకపోతే పాఠకుల కథలు దిద్దుతూ కూర్చోవడం నా వల్ల కాదు. ఇవాళ పదకొండు కథలు దిద్దాను. పదకొండింటిలోనూ వానే.

జూన్ 4, గురువారం

చెల్లి కథ రాసింది! చిన్నప్పుడు ఉత్తరంలో "క్షేమం" తర్వాత ఏం రాయాలో నన్నడిగే మనిషి!

వాళ్ల పిల్ల చదివే స్కూలు మా ఆఫీసు పక్క వీధే. బడి వదలగానే పరిగెత్తుకొచ్చి కవరు చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, అమ్మ ఇమ్మంది. నాన్నకి చెప్పొద్దంది." సిగ్గు కాబోలు అనుకున్నాను. నేనూ మొదటి కథ బియ్యం డబ్బాలో దాచినదాన్నే.

రూళ్ల కాగితాలు నాలుగు. కథలో పేర్లు లేవు, ఆమె, అతను అంతే. ఫోను మోగుతుంది. ఆమె రెండు మోతలు ఆలస్యంగా ఎత్తుతుంది. అతను ఆమె ఎడమచెయ్యి పట్టుకుని తలుపు సందులో పెట్టి తలుపు మూస్తాడు. రెండు వేళ్లు. కథ అక్కడ ఆగింది. కింద ఒక ముక్క రాసింది: "అక్కా, ఆమె చుట్టాలకి ఏం చెబితే నమ్ముతారు? నువ్వు బాగా రాస్తావు. రేపు పొద్దున్నకి కావాలి."

రేపు పొద్దున్నకి కావాలట! అక్కడికి ఏదో పత్రికవాళ్లు గుమ్మంలో కూర్చున్నట్టు.

సొంత చెల్లెలని ఊరుకోలేదు. ఎర్రపెన్ను తీశాను. మార్జిన్లో రాశాను: "కారణం చాలదు. ఫోను రెండు మోతలు ఆలస్యమైతే ఎవడైనా వేళ్లు విరుస్తాడా? నమ్మశక్యంగా లేదు, మార్చు." అతన్ని మొత్తం కొట్టేశాను. అతని బదులు గాలి పెట్టాను. గాలికి తలుపు పడింది, వేళ్లు నలిగాయి. ఊరికే గాలి అంటే నమ్మరు కాబట్టి డాబా మీద ఒక పసుపు దుప్పటి ఆరేశాను. అది ఎగిరిపోతోందని ఆమె పరిగెత్తింది. ఏ అబద్ధానికైనా పనికిరాని వివరం ఒకటి ఉండాలి. జనం దాన్ని పట్టుకుని మిగతాది మింగేస్తారు. ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెడుతున్న కిటుకు ఇది. చెల్లికి ఉచితంగా ఇచ్చాను.

పిల్ల స్కూలు వ్యాను ఎక్కేలోపే దిద్ది కవర్లో పెట్టి పంపేశాను.

జూన్ 6, శనివారం

చెల్లి ఇంటికి వెళ్లాను. ఎడమచేతి రెండు వేళ్లకు కట్టు.

"ఏమైందే?"

"గాలికి తలుపు పడిందక్కా. డాబా మీద పసుపు దుప్పటి ఎగిరిపోతోందని పరిగెత్తాను."

నవ్వొచ్చింది. నా వాక్యం నాకే చెబుతోంది. కథ గురించి ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిజంగానే వేళ్ల మీద తలుపు వేసుకుని ఉంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే, పరధ్యానం ఎక్కువ. నాకూ ఒకసారి కత్తిపోటు రాస్తూ వేలు తెగింది.

మరిది షాపు నుంచి వచ్చాడు. కళ్లజోళ్ల షాపు కదా, చేతిలో ఎప్పుడూ ఆ మెత్తని గుడ్డ ఉంటుంది. నా ముక్కు మీది కళ్లజోడు తనే తీసి, తుడిచి, మళ్లీ తనే పెట్టాడు. "వదినా, మీరు కళ్లను మరీ హింస పెడుతున్నారు. కాస్త చూసుకోవాలి" అన్నాడు. ఎంత నెమ్మదైన గొంతు! ఫ్యాను కిర్రు వినీ వినీ ఉన్న నా చెవులకు ఆ గొంతు వింటే నిద్రొస్తుంది.

ఈ పేజీ జూలైలో మళ్లీ చదివాను. ఎవరైనా పాఠకుడు పంపి ఉంటే "ఆ అక్కకి కళ్లు లేవా?" అని మార్జిన్లో రాసేదాన్ని. అయినా దిద్దను. డైరీ కదా.

జూన్ 11, గురువారం

చెల్లికి ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది. ఆయాసపడుతోంది.

జూన్ 15, సోమవారం

పిల్ల ఇంకో కవరు తెచ్చింది.

ఈసారీ అదే ఆమె, అదే అతను. కూరలో ఉప్పు తక్కువైంది. అతను ఏమీ అనలేదు. తిని, చెయ్యి కడుక్కుని, స్టవ్ మీద మరుగుతున్న నీళ్ల గిన్నె తెచ్చి ఆమె భుజం మీద పోశాడు. పోసి, పిల్లను హోంవర్కు చేసుకోమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇలాంటి చవకబారు ఏడుపు కథలు వారానికి నలభై వస్తాయి. మార్జిన్ చాలక వెనక్కి తిప్పి రాశాను: "విలన్‌కి కూడా ఒక న్యాయం ఉండాలి. ఉప్పు తక్కువైందని మరిగే నీళ్లు పోస్తే వాడు మనిషి కాడు, అట్టబొమ్మ. చదివేవాళ్లు నవ్వుతారు. పైగా ఒకే ఆడదానికి పది రోజుల్లో రెండు దెబ్బలా? నమ్మశక్యంగా లేదు, మార్చు."

కింద మళ్లీ అదే ప్రశ్న ఉంది, ఏం చెబితే నమ్ముతారని. అది మాత్రం శ్రద్ధగా చేశాను. ఆమె నీళ్ల గిన్నె దించుతోంది. మసిగుడ్డకి చిల్లుంది. చిల్లులోంచి వేలికి చురుక్కుమంది. గిన్నె వదిలేసింది. మసిగుడ్డ చిల్లు నాకే ముచ్చటేసింది. దాచుకుని నా సీరియల్లో వాడుకోవలసింది.

కాంట్రాక్టరు శవాన్ని ఇవాళ బావిలోంచి తీయించాను. మా ఆయన ఆ కాగితాల మీదే మిక్సీ విప్పి కూర్చున్నాడు. శవం ముఖం మీద గ్రీజు మరక.

జూన్ 18, గురువారం

వాన. స్కూలు వ్యాను రాలేదని పిల్ల ఆఫీసులో నా పక్కన కూర్చుంది. ఎనిమిదేళ్లది, బొమ్మ గీస్తోంది. ఊరికే మాట కలిపాను. "అమ్మ భుజం ఎలా ఉందే?" అన్నాను. ఎందుకు భుజం అన్నానో తెలియదు. చెల్లి భుజం సంగతి నాకెవరూ చెప్పలేదు.

పిల్ల పెన్సిలు కింద పెట్టింది. లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. టీచరు లేపి అడిగినట్టు చెప్పింది: "అమ్మ నీళ్ల గిన్నె దించుతోంది. మసిగుడ్డకి చిల్లుంది. చిల్లులోంచి వేలికి..."

ఆగిపోయింది. పెదవులు తడుపుకుంది.

"తర్వాత ఏం చెప్పాలి పెద్దమ్మా? మర్చిపోయా."

జూన్ 19, శుక్రవారం

చురుక్కుమంది. తర్వాతి మాట అదే. చురుక్కుమంది.

జూన్ 20, శనివారం

మరిది షాపులో ఉండే వేళ చూసి వెళ్లాను. చెల్లి జాకెట్టు భుజం నుంచి జరిపి చూశాను. చేతులు అడ్డం పెట్టలేదు, అలసిపోయిన మనిషిలా నిలబడింది. చూసింది ఇక్కడ రాయను.

"నాకు ఎందుకు చెప్పలేదే?"

"చెప్పాను కదక్కా. రెండుసార్లు రాసి పంపాను. నిజమే రాశాను. నువ్వే నమ్మశక్యంగా లేదన్నావు."

"కథ అనుకున్నానే!"

"కథ అన్న మాట నేను ఎక్కడా రాయలేదు."

ఇంటి కప్పు మీద పడినా ఇంత నొప్పి ఉండేది కాదు. బట్టలు సర్దు, పిల్లను తీసుకుని ఇప్పుడే పద అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఎక్కడికి పోయినా వస్తాడు. పోయినసారి నేను మాట ఎత్తితే పిల్ల మెడ మీద చెయ్యి వేశాడు. నొక్కలేదు. వేశాడంతే." ఆ 'వేశాడంతే' అన్నప్పుడు ఆమె గొంతు కూడా వాడి గొంతులాగే నెమ్మదిగా ఉంది.

గుమ్మం దాకా వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అక్కా, తలకి ఒకటి ముందే రాసి ఉంచవా? దెబ్బ తగిలాక ఆలోచించలేకపోతున్నాను."

మెట్లు ఎలా దిగానో, వీధి ఎలా దాటానో గుర్తులేదు. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి కూరగాయల కత్తితో చెక్కపీటను పొడిచాను. పీట చీలింది. మా ఆయన వచ్చి చూసి, ఏమీ అడగకుండా కత్తి తీసుకుని పై అరలో పెట్టాడు. తర్వాత అంతా చెప్పాను. పీట ముక్కలు ఏరుతూ విన్నాడు. "నీకు ఎర్రపెన్ను ఎవడిచ్చాడు?" అన్నాడు చివరికి. కొట్టినా అంత తగిలేది కాదు.

జూన్ 22, సోమవారం

పోలీసుల దగ్గరికి వెళదామంటే చెల్లి ఫోనులో ఏడ్చింది, పిల్ల, పిల్ల అని. సరే. నాకు చేతనైన పని ఒకటుంది.

సీరియల్లోకి కళ్లజోళ్ల షాపువాణ్ని తెచ్చాను. మెత్తని గొంతు. చేతిలో గుడ్డ. కుడి కనుబొమ మీద గాటు. మచ్చ కూడా వదల్లేదు. వాణ్ని వాడి షాపులోనే, వాడి అద్దాల మధ్యే చంపాను. ముందు వేళ్లు. తర్వాత భుజం. తర్వాత అద్దం పెంకుతో మెడ. నాలుగు పేజీలు. పొద్దున్న కూర్చుని మధ్యాహ్నానికి ముగించాను, మధ్యలో లేచి నీళ్లు కూడా తాగలేదు. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎవర్నీ చంపలేదు.

ఎడిటర్ గారు చదివి కళ్లు చిట్లించాడు. "ఈ కళ్లజోళ్లవాడు కథలోకి ఎక్కడి నుంచి వచ్చాడమ్మా?"

"నడుచుకుంటూ వచ్చాడు సార్."

"కాస్త రక్తం తగ్గిద్దామా?"

"తగ్గిస్తే నేను మానేస్తాను."

తగ్గించలేదు.

జూన్ 25, గురువారం

పత్రిక వచ్చింది. ఆగలేకపోయాను. గడియారాలు తిప్పే చేతులు కదా, ఊరుకుంటాయా? నేనే షాపుకి పట్టుకెళ్లి, ఆ పేజీ మడిచి కౌంటర్ మీద పెట్టాను. భయపడతాడు అనుకున్నాను. 'వదినకి తెలిసిపోయింది' అని వాడి చెయ్యి ఆగిపోతుందనుకున్నాను. ఇన్నాళ్లూ చేసిన చిలిపి పనులన్నిటికీ అప్పటి జనం ముఖాలే నాకు ఫలితం. ఈ ముఖం చూడాలని ఎంతో ఆశపడ్డాను.

అక్కడే నిలబడి నాలుగు పేజీలూ చదివాడు. ఎవరో బేరానికి వస్తే "ఒక్క నిమిషం కూర్చోండి" అన్నాడు. పూర్తిచేసి, నా కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టాడు.

"బాగుంది వదినా. కానీ అద్దం పెంకుతో మెడ ఇంత తేలిగ్గా తెగదు. పట్టుకున్న చెయ్యే తెగుతుంది."

ముఖంలో ఏమీ లేదు. బయటికొచ్చి వీధి చివరిదాకా గెలిచినట్టే నడిచాను. ఆ మూల మలుపు తిరిగాక కళ్లజోడు తీసి, నా కొంగుతో మళ్లీ తుడుచుకున్నాను.

జూన్ 26, శుక్రవారం

ఆసుపత్రి. చెల్లికి దవడ విరిగింది. పక్కటెముకలు మూడు. ఎడమ కన్ను కనిపించడం లేదు, వాచింది. దవడకి తీగలు కట్టారు, మాట్లాడలేకపోతోంది.

మరిది డాక్టరమ్మకు చెబుతున్నాడు. "మెట్ల మీద సబ్బునీళ్లు అండీ. బట్టలు ఉతికిన బకెట్టు తీసుకుని దిగుతోంది. నీలం బకెట్టు."

బకెట్టు రంగు ఎవరడిగారు? నేను దిద్దిన కాగితాలు వాడికీ దొరికాయి. చదివాడు. నేర్చుకున్నాడు. ఎవరైనా విద్యార్థి రాసి ఉంటే ఆ నీలానికి నేను పక్కన టిక్కు పెట్టేదాన్ని.

వాడు మందులకు వెళ్లాక డాక్టరమ్మను పట్టుకున్నాను. "అబద్ధమండీ. వాడే కొట్టాడు."

ఆవిడ పాత చీటీలు తిరగేసింది. "ఇదివరకు వచ్చినవి కూడా ఉన్నాయి. గాలికి తలుపు, నీళ్ల గిన్నె. ఈవిడే చెప్పింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీకెలా తెలుసు అబద్ధమని?"

"నేనే రాశాను కాబట్టి."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. బి.పి. చూపించుకోమంది.

జూన్ 28, ఆదివారం

చెల్లి పక్కన కూర్చుని గిన్నెలో గంజి గొట్టంతో తాగించాను. ఇక్కడి నుంచి నేరుగా మా ఇంటికే అని చెప్పాను. ఈసారి తల అడ్డంగా ఊపలేదు. నా చూపుడు వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. రెండు వేళ్లకు ఇంకా పూర్తిగా బలం రాలేదు.

జూలై 1, బుధవారం

తీసుకొచ్చాం. వాడు అడ్డం చెప్పలేదు. వార్డులో అందరి ముందూ "వదిన దగ్గరుంటే త్వరగా కోలుకుంటుంది" అన్నాడు, నర్సులు మెచ్చుకున్నారు. మా ఆయన చెల్లిని మోసుకుని మెట్లెక్కాడు. పిల్ల వెనకాలే, స్కూలు సంచితో. మా ఆయన దించగానే స్టూలు తెచ్చుకుని, ఎక్కి, ఆ ఫ్యాను బాగుచేశాడు. చెల్లికి నిద్ర పట్టాలని. ఇప్పుడు ఇంట్లో చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడమే భయంగా ఉంది.

సీరియల్ ఈ వారం ఇవ్వలేదు. ఎడిటర్ గారు ఫోను చేస్తే "చంపడానికి ఎవరూ మిగల్లేదు సార్" అన్నాను.

జూలై 4, శనివారం

ఇది వరసగా రాయాలి. రేపు ఎవరైనా అడిగితే నా మాట నాకే తేడా రాకూడదు.

పొద్దున్న పది. మా ఆయన షాపుకి పోయాడు. నేను పిల్ల స్కూలు గౌను ఇస్త్రీ చేస్తున్నాను. చెల్లి మంచం మీద, పిల్ల పక్కన. తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ పెట్టలేదు. అది నా తప్పు.

వాడు వచ్చాడు. చెప్పులు విప్పి ఒకదాని పక్కన ఒకటి సర్దాడు.

"పిల్లను తీసుకెళ్లడానికి వచ్చాను వదినా. ఆమెను ఉంచుకోండి, ఎన్నాళ్లైనా."

"పిల్ల కూడా ఇక్కడే ఉంటుంది."

"మీరు మంచి రచయిత్రి. ఇంటి విషయాలు మీకు తెలియవు." నన్ను దాటి లోపలికి వెళ్లాడు.

చెల్లి పిల్లను రెండు చేతులా పట్టుకుంది. నోరు తీగలతో కట్టి ఉంది, అరవలేకపోయింది. ముక్కులోంచి ఒక మూలుగు వచ్చింది, అలాంటిది ఇంతకు ముందు వినలేదు. వాడు జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకి కొట్టాడు. ఒకసారి. ఆగి, మళ్లీ. తొందర లేదు. పిల్ల "అమ్మ జారిపడింది, అమ్మ జారిపడింది" అని అరుస్తోంది. కళ్లారా చూస్తూ అరుస్తోంది. అప్పుడు ఇస్త్రీపెట్టె నా చేతిలోనే ఉందని తెలిసింది.

మొదటిది జుట్టు పట్టుకున్న చేతి మీద. కాలింది, వదిలాడు. రెండోది భుజం పైన. ఎముక విరిగితే 'ఫట్' మంటుందని ఇన్నేళ్లు రాశాను. అనదు. తడిబట్ట పిండినట్టు ఉంటుంది, చప్పుడు చెవికి కాదు, చేతికి తెలుస్తుంది. కింద పడ్డాడు. మూడోది మోకాలి మీద, లేవకుండా. అక్కడ ఆగిపోవచ్చు. నాలుగోది కూడా కొట్టాను. పక్కటెముకల మీద. అది నా కోసం.

వాడు అరవలేదు. కింద పడి నావైపు చూస్తూ, "ఇది మాత్రం బాగా రాయండి వదినా" అన్నాడు.

పక్కింటావిడ వచ్చింది. మా ఆయన వచ్చాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. గౌను మీద కాలిన మచ్చ, పెట్టె ఆకారంలోనే.

చెల్లికి తల చిట్లింది. కుట్లు వేశారు.

జూలై 6, సోమవారం

స్టేషను. చెల్లి కూడా నా పక్కనే ఉంది. వాడు ఫిర్యాదు ఇచ్చాడు. ఫిర్యాదుకి పత్రిక పేజీలు నాలుగూ పిన్ను చేసి జతపరిచాడు. కొన్ని వరుసల కింద సన్నని గీత గీశాడు, స్కేలు పెట్టి.

పోలీసావిడ నా ఈడుదే. చదివి తలెత్తింది. "వేళ్లు, భుజం, మెడ. మెడ తప్ప మిగతావన్నీ ఇంచుమించు చేశారు. పది రోజుల ముందే రాసి మరీ చేశారు."

"రాసింది కథండీ."

"కుడి కనుబొమ మీద గాటు, ఆయనకీ ఉంది."

నోరు తెరిచాను. మొత్తం చెప్పాను. కవర్లు, పసుపు దుప్పటి, మసిగుడ్డ, నీలం బకెట్టు, గోడ, జుట్టు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను, ఎక్కడ గొంతు తగ్గాలో అక్కడ తగ్గింది. నా ప్రమేయం లేదు, నోటికి అలవాటైన పని. ఆవిడ పెన్ను మూత పెట్టేసింది.

"బాగా చెబుతారమ్మా. వింటుంటే మిగతాది వచ్చే వారం అన్నట్టుంది. ఏది నిజమో నాకెలా తెలుస్తుంది?"

నిజం చెప్పినా నా చేతిలో అది కథ అయిపోతోంది. నేను ఇంకా చెప్పినకొద్దీ చెల్లి తిరిగి ఆ ఇంటికే పోతుంది. ఆమెకు, ఆ ఇంటికి మధ్య ఇక ఏ మాటా అడ్డం లేదు, నా మాట తప్ప. నా మాట చెల్లడం లేదు.

అప్పుడు చెల్లి నా మోచెయ్యి తట్టింది. తలకి కట్టు, దవడకి తీగలు. చేత్తో రాస్తున్నట్టు గాలిలో చూపించింది. పోలీసావిడ కాగితాలు, పెన్ను ఇచ్చింది.

రెండు గంటలు రాసింది. ఎడమచేత్తో కాగితం కదలకుండా పట్టుకోవడానికి వేళ్లు సహకరించలేదు, అందుకని కాగితం అంచు నేను పట్టుకున్నాను. పట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నాను. పూర్తిచేసి, అలవాటు కొద్దీ, పోలీసావిడకి కాకుండా నాకిచ్చింది. చూడు అన్నట్టు కనుబొమలు ఎత్తింది. నా చేతిలో పెన్ను కూడా పెట్టింది.

చదివాను. పెళ్లయిన రెండో నెల నుంచి మొదలుపెట్టింది, మధ్యలో ఈ మధ్యది వచ్చింది, మళ్లీ పిల్ల పుట్టకముందుది. వాక్యాలకు తల లేదు, తోక లేదు. ఉప్పుకి కొట్టాడు. ఫోనుకి కొట్టాడు. నవ్వినందుకు కొట్టాడు. నవ్వనందుకు కొట్టాడు. అక్క రాసింది చదివి కొట్టాడు. ఆ వరుస దగ్గర నాకు చూపు మసకబారింది. ఒకే మాట పేజీ నిండా. ఇది ఆఫీసుకి వచ్చి ఉంటే మొదటి పేరాకే పక్కన పడేసేదాన్ని. ఒక్క 'కొట్టాడు' ఉంచి మిగతావన్నీ తీసేసేదాన్ని. ఉప్పుని తీసేసేదాన్ని.

పెన్ను మూత పెట్టి, కాగితాలు అలాగే పోలీసావిడ ముందుకు తోశాను.

ఆవిడ నెమ్మదిగా చదివింది. మొదటి పేజీ తర్వాత ఫ్యాను ఆపమంది, కాగితం ఎగరకుండా. రెండో పేజీ దగ్గర చెల్లి ముఖం ఒకసారి చూసింది. ముగించాక వాడి ఫిర్యాదును, ఆ పత్రిక పేజీలతో సహా, పక్కకి జరిపింది.

"మీ మీద కేసు ఉంటుంది, అది తప్పదు" అంది నాతో. "నాలుగోసారి ఎందుకు కొట్టారో చెప్పుకోవాల్సి వస్తుంది. ఇది వేరే కేసు. ఇవాళే ఆయన్ని తీసుకొస్తారు." తర్వాత చెల్లివైపు తిరిగి, గొంతు తగ్గించింది. "ఇందులో కొట్టాడు, కొట్టాడు అని చాలాసార్లు వచ్చిందమ్మా. పై వాళ్లు చదవాలి కదా. ఒకటి రెండు తీసేసి శుభ్రంగా రాయిద్దామా?"

చెల్లి చెయ్యి చాచింది. ఆవిడ కాగితాలు ఇచ్చింది. చెల్లి మొదటి నుంచీ ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ, లోలోపల లెక్కపెట్టుకుంటూ వచ్చింది. చివరిదాకా వచ్చి ఆగింది. కాసేపు ఆలోచించింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, సంతకం పైన మిగిలిన కాస్త జాగాలో, మర్చిపోయిన రెండు కలిపింది.